ముందు ఎవరిని చూడాలె?
విషపు మందులు, గ్యాసు ప్రమాదాల్లో మహిళా సంఘాలు చెయ్యగలిగిన పని

(జక్రాన్‌పల్లి మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం నాయకురాలు ఇచ్చిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడు ఈ సభలో మనం పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి వసూళ్ల గురించి మాట్లాడుకుంటం. ఆ లెక్కలన్నీ ఈ పుస్తకంలో వేరే పేజీల్లో ఉన్నయి, ఇంటికి పోయి నిదానంగా చూసుకోండి. నాకు వేరే విషయం ఇచ్చారు. ఒక్క దగ్గర, ఒక్కసారి, పది మందో ఇరవై మందో విషపు గ్యాసుకో, మందుకో చిక్కి పడిపోతే ముందు ఎవరిని చూడాలె, ఎవరిని ముందు బండి ఎక్కించాలె అన్నది ఆ విషయం. డాక్టర్లు దీన్ని ట్రయేజ్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, పేషెంట్లను వరుస పెట్టుడు. పీహెచ్‌సీ సిస్టరమ్మను, 108 బండి మీద చేసే తమ్ముళ్లను అడిగి రాసుకున్న ముచ్చట్లు, పేపర్లల్ల చదివిన ముచ్చట్లు కలిపి చెప్తున్న.

"మన ఊర్లె ఫ్యాక్టరీ లేదు, మనకు ఇదెందుకు?" అని కొందరు అక్కలు అడిగారు. మంచి ప్రశ్న. మన చుట్టూ ఏమున్నదో ఒకసారి లెక్క పెడదాం.

పసుపుకు, వరికి, మక్కకు మందు కొడతం. కొట్టేది మగవాళ్లు కావచ్చు. కానీ మందు కలిపేది, నీళ్లు మోసేది, మందు కొట్టిన తెల్లారే కలుపు తీయడానికి పోయేది, మందు అంటిన బట్టలు పిండేది ఆడవాళ్లే. రెండోది, బస్తాలకు పురుగు పట్టకుండా పెట్టే గోలీలు. గాలిలో తేమ తగిలితే చాలు, వాటిలోంచి ఫాస్ఫీన్ అనే గ్యాసు వస్తది. గోలీలు పెట్టిన గదిలో, దానికి ఆనుకొని ఉన్న గదిలో పిల్లలను పండబెడితే ప్రాణం మీదికి వస్తది. మూడోది, మన పక్క నుంచే 44వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. హైదరాబాదు నుంచి నాగపూర్ దిక్కు రాత్రీ పగలు ట్యాంకర్లు నడుస్తనే ఉంటయి. వాటిల్ల పెట్రోలు ఉంటది, వంట గ్యాసు ఉంటది, యాసిడ్ ఉంటది. నాలుగోది మన ఇంట్లనే ఉన్నది. బాత్రూం కడగడానికి బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ రెండూ ఒక్కసారి కలిపితే క్లోరిన్ గ్యాసు లేస్తది. తలుపు మూసుకొని కడిగితే లోపలనే పడిపోతరు. కోల్డ్ స్టోరేజీలల్ల, ఐసు ఫ్యాక్టరీలల్ల అమ్మోనియా ఉంటది. పాత బావుల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో ఏ వాసనా లేకుండా మనిషిని పడగొట్టే గాలి ఉంటది.

ఇప్పుడు చెప్పండి, మనకు అవసరం లేదంటరా?

విశాఖలో ఏమైంది

2020 మే 7. కరోనా లాక్‌డౌన్ నడుస్తున్నది. విశాఖపట్నంలో గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురం అనే ఊరు. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు, అందరూ మంచి నిద్రలో ఉండంగ, పక్కనున్న ఎల్‌జీ పాలిమర్స్ కంపెనీ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి బయటికి వచ్చింది. స్టైరీన్ ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. దాన్ని చల్లగా ఉంచాలె, గట్టిపడకుండా మందు కలుపుతుండాలె. అది సరిగ్గా జరగక ట్యాంకులో వేడి పెరిగింది, ఆవిరి ఊరి మీద పడ్డది. 12 మంది చనిపోయారు. 585 మంది ఆసుపత్రుల పాలయ్యారని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పింది. ప్రమాదం జరిగినప్పుడు మోగాల్సిన సైరన్ మోగలేదని కూడా ఆ కమిటీనే రాసింది.

సైరన్ మోగలేదు, అందుకని వాసనకు లేచినోళ్లు లేచినట్టే ఉరికిన్రు. స్టైరీన్ ఆవిరి గాలి కంటె బరువు. నేల మీద పొగమంచు లెక్క పరుచుకుంటది. ఉరికే కొద్ది ఊపిరి ఎక్కువ తీస్తం, ఊపిరితో పాటు విషం ఎక్కువ పోతది. రోడ్ల మీదనే చాలామంది కూలిపోయారు. పశువులు కట్టేసిన తాడు దగ్గరనే పడి చచ్చిపోయినయి. ఆ పొద్దు టీవీలో మనమందరం చూసినం. చూసి అయ్యో అన్నం. కానీ "ఆ రోడ్డు మీద నేనుంటే ముందు ఎవరి దగ్గరికి పోదును?" అని ఎవరికి వారు అడుక్కోవాలె. ఎందుకంటే పోలీసులు, 108 వచ్చేదాక అక్కడ ఉండేది ఊరోళ్లే.

ఇంకొకటి మన ఆడవాళ్లదే. అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీలో 2022 జూన్ 3న ఘాటు వాసన వచ్చి వందల మంది ఆడపిల్లలకు కళ్లు తిరిగినయి, వాంతులైనయి. రెండు నెలలకే, ఆగస్టు 2న, అక్కడనే మళ్లీ అట్లనే అయింది. క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఆనవాళ్లు దొరికినయని అప్పుడు వార్తలల్ల వచ్చింది. ఈ పేరు మనకు కొత్త కాదు. చెదలకు, పురుగుకు మన షాపుల్లో అమ్మే మందే ఇది. అంటే ఫ్యాక్టరీ వేరు, పొలం వేరు అనుకోవద్దు. విషం ఒక్కటే.

అరిచేవాళ్లు, అరవలేనివాళ్లు

దూర దేశం ముచ్చట ఒకటి చెప్తాను. ఎందుకంటే ఇది మన పొలం మందులకు దగ్గరి చుట్టం. 1995 మార్చి 20న జపాన్‌లోని టోక్యో నగరంలో, భూమి లోపల నడిచే రైళ్లల్ల దుర్మార్గులు సారిన్ అనే విషం వదిలిన్రు. సారిన్ కూడా మన పురుగుమందుల్లో కొన్ని ఏ జాతో ఆ జాతే. దాన్ని ఆర్గానోఫాస్ఫేట్ అంటారు. అక్కడి సెయింట్ లూక్స్ అనే ఒక్క ఆసుపత్రికే ఆ రోజు 640 మంది వచ్చారు. అంబులెన్సు ఎక్కి వచ్చినోళ్లు తక్కువ. నడిచి వచ్చినోళ్లు, టాక్సీలో వచ్చినోళ్లు ఎక్కువ.

ఆ 640 మందిలో బాగా ప్రమాదంలో ఉన్నది 5గురు. మధ్యస్థంగా ఉన్నది 107 మంది. మిగిలిన 528 మందికి కళ్లు మసకలు, తలనొప్పి, భయం. ఈ లెక్కను మనసులో పెట్టుకోండి. గేటు దగ్గర 528 మంది నిలబడి "నన్ను చూడు, నన్ను చూడు" అంటుంటే, ఆ 5గురు అరవలేరు. వాళ్లకు ఊపిరే ఆడుతలేదు, అరుపు ఎక్కడిది? వరుస పెట్టే పద్ధతి లేకపోతే గట్టిగా అరిచినోళ్లే ముందు పోతరు. మన ఊర్లల్ల అయితే పెద్ద ఇంటోళ్లు, సర్పంచి చుట్టాలు, బలం ఉన్నోళ్లు ముందు బండి ఎక్కుతరు. ఒంటరి ముసలమ్మ, వలస వచ్చిన కూలీ ఆమె, మాట రాని పిల్ల వెనుక పడిపోతరు.

టోక్యోలో ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. పేషెంట్ల బట్టలు మార్చకుండనే లోపలికి తీసుకున్నందుకు, ఆ బట్టలకు అంటిన విషంతో వైద్యం చేసే నర్సులకు, డాక్టర్లకు కూడా కళ్లు మసకబారినయి, తలనొప్పులొచ్చినయి. కాపాడేవాళ్లు పడిపోతే కాపాడేది ఎవరు?

అంత దూరం ఎందుకు, మన దిక్కే ఒక సంఘం సభ్యురాలికి జరిగింది చెప్తాను. పేరు చెప్పను. వీపు మీద మోసే స్ప్రే ట్యాంకు కారి, జాకెట్టు, చీర వెనుక భాగమంతా మందుతో తడిసిపోయింది. చుట్టూ మగవాళ్లున్నరు, చీర విడవడానికి చాటు లేదు. ఎండకు ఆరిపోతదిలే అనుకొని సాయంత్రం దాక అదే చీరతో పని చేసింది. చీర ఆరింది, మందు ఒంట్లకు ఇంకింది. పొద్దుగూకే యాళకు నోట్లోంచి నీళ్లు కారుడు, చెమట, కండ్లు కనబడకపోవుడు. అదే చీరతో ఆటోలో ఎక్కించి, ఇద్దరు ఆడవాళ్లు ఒళ్లో పండబెట్టుకొని తీసుకపోయిన్రు. ఆసుపత్రి చేరేసరికి ఆ ఇద్దరికీ తల తిరిగి వాంతులైనయి. ఆమె బతికింది. కానీ పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నది, ఇంట్లో ఉన్న బంగారం కుదువకు పోయింది. నాలుగు చీరలు అడ్డం పట్టుకొని, రెండు బిందెల నీళ్లు పోసే నలుగురు ఆడవాళ్లు ఆ పొలంలో ఉంటే ఇంత అయ్యేది కాదు.

అక్కలారా, నేను ఈ రోజు చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. ఇసుంటి ప్రమాదంలో ఆడదాని ప్రాణానికి విషంతో పాటు సిగ్గు కూడా శత్రువు. ఆ సిగ్గును తీసేయమని నేను చెప్పను. చాటు కట్టే పని మన సంఘం తీసుకోవాలని చెప్తున్న.

ఏ పని తర్వాత ఏ పని

మొదటిది, దూరం. ఉరికి పోయి పడిపోయినోళ్లను పట్టుకోవద్దు. ఇది కఠినంగా వినబడుతది. కానీ బావిలో దిగినోన్ని తీయబోయి అన్న, అన్నను తీయబోయి తమ్ముడు పోయిన కథలు మనం ఎన్ని వినలేదు? ముందు గాలి ఎటు వీస్తుందో చూడండి. కొంగు వదిలి చూడండి, గుడి మీది జెండా చూడండి. కొంగు ఎటు ఎగిరితే గ్యాసు అటే పోతది. మనం దానికి ఎదురు దిక్కుకు, ఎత్తు మీదికి పోవాలె. గ్యాసు మన మీదికే వస్తుంటే దాంట్లోంచి దాటవద్దు, పక్కకు అడ్డంగా జరగాలె. ట్యాంకరు పడితే కనీసం వంద మీటర్ల దూరం ఉండాలె. వాసన తగిలినా, కండ్లు మండినా ఇంకా దూరం పోవాలె. వాసన ఆగిపోయిందంటే గ్యాసు పోయిందని కాదు. కొన్ని గ్యాసులు ముక్కునే మొద్దుబారుస్తయి. పొయ్యి, బీడీ, బండి స్టార్ట్ చేసుడు అన్నీ బంద్. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుంటే కొంత ఆసరా అయితది గని అది మాస్కు కాదు. దాన్ని నమ్ముకొని లోపలికి పోవద్దు.

రెండోది, ఫోను. 108 కు గాని 112 కు గాని చెయ్యాలె, నిప్పు ఉంటే 101. "యాక్సిడెంట్ అయింది రండి" అంటే చాలదు. ఎక్కడ, ఎంతమంది, పొడి మందా, నీళ్ల మందా, గ్యాసా, పడ్డోళ్లు ఎట్ల ఉన్నరు, ఇది చెప్పాలె. ట్యాంకరు మీద ఒక బోర్డు ఉంటది, దాని మీద నాలుగు అంకెల నంబరు ఉంటది. దూరం నుంచే సెల్‌ఫోన్లో పెద్దగ చేసి ఫోటో తీసి ఆ నంబరు చెప్పాలె. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంట గ్యాసు, 1005 అంటే అమ్మోనియా, 1017 అంటే క్లోరిన్, 1830 అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. మనం గుర్తు పెట్టుకోకున్నా ఫరవాలేదు, నంబరు చెప్తే ఫైరోళ్లకు, డాక్టర్లకు అర్థమైతది. పొలం మందు అయితే డబ్బా మీది కాయిదం ఫోటో తీయాలె. ఢిల్లీ ఎయిమ్స్‌లో విషాల సమాచార కేంద్రం ఉన్నది. 1800 116 117 నంబరుకు ఫోన్ చేస్తే పైసలు పడవు. డాక్టర్లకు కూడా అది పనికొస్తది.

మూడోది, బట్టలు, నీళ్లు. గ్యాసు లేని జాగలో, గాలికి ఎదురు దిక్కున ఇది చెయ్యాలె. ఒంటి మీది బట్టలు తీసేస్తేనే అంటిన విషంలో నూటికి ఎనభై వంతుల దాక పోతదని నిపుణులు చెప్తరు. నాలుగు చీరలతో చాటు కట్టండి, ఆడవాళ్ల దగ్గర ఆడవాళ్లే ఉండండి. చీర అయితే మంచిదే, ముఖం మీదికెళ్లి తియ్యకుండ చుట్టు విప్పొచ్చు. నైటీ, డ్రెస్సు అయితే తల మీదికెళ్లి లాగొద్దు, కత్తెరతో ముందు నుంచి కోసెయ్యాలె. పుస్తెలతాడు దారంతో ఉంటే ఆ దారం మందును పీల్చుకుంటది. మెడకు అదే పట్టుకొని ఉంటది. అది కూడా తీసి, కవర్లో పెట్టి, పేరు రాసి, ఆమె కండ్ల ముందే సాటి సభ్యురాలి చేతికి ఇవ్వాలె. కాపాడుకుంటేనే కదా రేపు మళ్లీ వేసుకునేది. కొప్పు విప్పి, తల వెనుకకు వంచి, ముఖం మీదికి నీళ్లు రాకుండా కడగాలె.

పొడి మందు అయితే, సున్నం అయితే ముందు పొడి గుడ్డతో దులపాలె, తర్వాతనే ఎక్కువ నీళ్లు పొయ్యాలె. గోలీల మందు అయితే గోలీల మీద నీళ్లు పడకుండా చూడాలె, తడిస్తే గ్యాసు ఇంకా ఎక్కువ లేస్తది. ద్రవం పడితే సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలె, గట్టిగా రుద్దొద్దు. కండ్లలో పడితే పావుగంట నుంచి ఇరవై నిమిషాల దాక ఆపకుండా నీళ్లు పొయ్యాలె. బోరు మోటరు దగ్గర ఉంటే అంతకంటె మంచి ఆసుపత్రి లేదు. కడిగేవాళ్లు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలె. విడిచిన బట్టలు ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి పక్కకు పెట్టాలె, ఇంటికి తెచ్చి పిండొద్దు.

మూడు రంగులు

నాలుగోది, వరుస. గట్టిగా ఒక్క మాట అనాలె: "నడవగలిగినోళ్లు అందరు ఈ చెట్టు కిందికి రండి." నడిచి వచ్చినోళ్లకు ఆకుపచ్చ గుడ్డ కట్టాలె. వాళ్లు ఒకరికొకరు నీళ్లు పోసుకుంటరు, వాళ్లను ఒక చెల్లె చూస్తుంటే చాలు.

రాలేక పడి ఉన్నోళ్ల దగ్గరికి పోవాలె. ఒక్కొక్కరి దగ్గర అర నిమిషం కంటె ఎక్కువ ఆగొద్దు. మూడు సంగతులు చూడాలె. ఊపిరి ఎట్ల ఉన్నది? పెద్దమనిషి నిమిషానికి ముప్పై సార్ల కంటె ఎక్కువ రొప్పుతుంటే ఎరుపు. చిన్న పిల్లలకు మామూలుగనే ఊపిరి వేగం ఎక్కువ కాబట్టి వాళ్లకు ఈ అంకె పెట్టొద్దు, పక్కటెముకలు లోపలికి పోతున్నయా, పెదవులు నీలంగా అయినయా చూడాలె. "నా చెయ్యి పిసుకు" అంటే పిసుకుతుందా? పిసకకపోతే ఎరుపు. ఫిట్స్ వస్తున్నయా? వస్తే ఎరుపు. ఊపిరి సరిగ్గా ఉండి, మాట వింటూ, లేవలేక పడి ఉన్నోళ్లకు పసుపు గుడ్డ.

పురుగుమందు అయితే ఇంకో లెక్క ఉన్నది. నోట్లోంచి నురగ, ఛాతీలో పిల్లికూతలు, ఆగని చెమట, కండరాలు అదురుడు, కంటిపాప గుండుసూది మొన అంత చిన్నగ అయ్యుడు ఇవన్నీ కలిసి వస్తుంటే ఆ మనిషి నడిచి వచ్చినా సరే ఎరుపే కట్టాలె. దీనికి ఆసుపత్రిలో అట్రోపిన్ సూది ఇస్తరు. ఎంత జల్ది ఇస్తే అంత మంచిది. అందుకే ఆమెకు బండిలో మొదటి సీటు.

ఊపిరి లేదనిపిస్తే గడ్డం పైకెత్తి చూడాలె. అప్పుడు ఊపిరి తీస్తే ఎరుపు. తియ్యకపోతే? ఒక్కరే పేషెంటు ఉంటే, కడిగిన తర్వాత ఛాతీ నొక్కుడు మొదలుపెట్టాలె, నోట్లో నోరు పెట్టి ఊదొద్దు, ఆ విషం మనకు వస్తది. కానీ ఇరవై మంది పడి ఉన్నప్పుడు, ఇద్దరమే ఉన్నప్పుడు, ఊపిరి ఉన్నోళ్ల దగ్గరికి ముందు పోవాలె. ఈ మాట చెప్పాలంటే నాకు నోరు రాదు. అక్కడ పడి ఉన్నది మన బిడ్డ కావచ్చు, తోటి కోడలు కావచ్చు. కానీ ఒక్కరి దగ్గర కూర్చొని ఏడ్చే అయిదు నిమిషాలల్ల, కాపాడగలిగిన ముగ్గురు పోతరు. చనిపోయారని చెప్పే అధికారం డాక్టరుకే ఉన్నది, మనం ఎవ్వరికీ ఆ పేరు పెట్టొద్దు. మనం పెట్టేది వరుస మాత్రమే. చేతులు దొరకంగనే మళ్లీ వాళ్ల దగ్గరికి పోవాలె.

రంగు కట్టినం కదా అని వదిలెయ్యొద్దు. కొన్ని గ్యాసులు మొదట దగ్గు తెప్పించి ఊకుంటయి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తులల్ల నీరు చేర్చుతయి. ఆకుపచ్చ గుడ్డ కట్టిన చెల్లె సాయంత్రానికి ఎరుపు కావచ్చు. పది నిమిషాలకు ఒకసారి అందరినీ మళ్లీ చూడాలె. పిల్లలను, గర్భిణులను ఇంకా ఎక్కువసార్లు చూడాలె. ఇంటికి పోతమన్నోళ్లకు కూడా "రాత్రి ఒంటరిగా పండొద్దు, ఆయాసం వస్తే ఫోన్ చెయ్యి" అని చెప్పాలె.

చెయ్యకూడనివి

వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్లు, చింతపండు పులుసు, మజ్జిగ, పాలు, నూనె ఏవీ తాగించొద్దు. స్పృహ లేని మనిషిని వెల్లకిలా పండబెట్టొద్దు, ఎడమ పక్కకు ఒత్తిగిల పెట్టాలె. ఇంకొకటి. మనది పసుపు పండే నేల. దెబ్బ తగిలినా, కాలినా చెయ్యి పసుపు డబ్బా మీదికే పోతది. యాసిడ్ పడ్డ చోట, మందు పడ్డ చోట పసుపు పెట్టొద్దు. మన పసుపు మీద నాకు మీ అందరి కంటె తక్కువ ప్రేమ లేదు. కానీ ఆ టైములో మందు నీళ్లే. పసుపు పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకు కనబడదు కూడా.

మన దగ్గరున్న బలం

ఇంతమంది చదువుకున్నోళ్లు ఉండంగ మహిళా సంఘమే ఎందుకు చెయ్యాలె అంటరేమో. పది మంది ఆడవాళ్లను పది నిమిషాలల్ల ఒక్క దగ్గరికి తెచ్చే ఏర్పాటు ఊర్లె మనకే ఉన్నది. ఏ ఇంట్లో ఎవరు గర్భిణి, ఎవరికి ఆయాసం, ఎవరి మగడు గల్ఫ్‌లో ఉన్నడు, ఎవరు ఒంటరిగా ఉంటున్నరు మనకే తెలుసు. అన్నిటికంటె పెద్దది, మనకు రాసే అలవాటు ఉన్నది. ఇరవై ఏండ్లుగా తీర్మానాల పుస్తకం రాస్తున్నం.

ప్రమాదం రోజు కూడా ఒక చెల్లె పని రాసుడే కావాలె. పేరు, వయసు, ఏ టైముకు దొరికింది, ఏ రంగు కట్టినం, బట్టలు తీసి కడిగినమా, ఏ బండిలో ఏ ఆసుపత్రికి పోయింది. డాక్టరుకు ఇది సగం వైద్యం. తల్లికి తన బిడ్డ ఎక్కడున్నదో తెలుస్తది. రేపు సాయం వచ్చినప్పుడు కూడా పనికొస్తది. విశాఖలో చనిపోయినోళ్ల కుటుంబాలకు కోటి రూపాయలు, వెంటిలేటర్ మీద ఉన్నోళ్లకు 10 లక్షలు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నోళ్లకు లక్ష, ప్రాథమిక చికిత్స తీసుకున్నోళ్లకు 25 వేలు అని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. ఎవరు ఏ ఆసుపత్రిలో ఎన్ని రోజులున్నరో కాయిదం మీద లేని పేదోళ్లు ఇసుంటి కాడ ఎట్ల నిరూపించుకుంటరు?

అడిగే హక్కు కూడా మనకున్నది. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి విషవాయువు వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని మార్చిన్రు. ప్రమాదకరమైన పని చేసే ఫ్యాక్టరీ, ఏ ప్రమాదం ఉన్నదో పనివాళ్లకు, చుట్టుపక్కల ప్రజలకు చెప్పాలని అప్పుడు దాంట్లో పెట్టిన్రు. 1996లో వచ్చిన రసాయన ప్రమాదాల నియమాల కింద జిల్లాకు ఒక క్రైసిస్ గ్రూపు ఉండాలె, దానికి కలెక్టరు అధ్యక్షుడు. అంటే కలెక్టరు ఆఫీసుకు పోయి "మా మండలానికి ఏ ఏర్పాటు ఉన్నది? మాక్ డ్రిల్ మా ఊర్లె ఎప్పుడు చేస్తరు?" అని అడిగితే అది తప్పు కాదు, మన పని.

చివరకు ఈ మహాసభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్న. చేతులెత్తి ఆమోదించమని కోరుతున్న.

ఒకటి, ప్రతి గ్రామైక్య సంఘం అయిదుగురు సభ్యురాళ్లను ఎంచుకోవాలె. ఒకరు గాలి, దూరం చూడాలె. ఒకరు ఫోను. ఇద్దరు చాటు, నీళ్లు. ఒకరు రంగులు కట్టి రాసుడు. ఏఎన్‌ఎం, ఆశా చెల్లెళ్లను కలుపుకొని వాళ్లకు ట్రైనింగ్ ఇప్పించాలె.

రెండు, వీవో నిధి నుంచి ఒక్కో సంచి తయారు చేయాలె. నాలుగు పాత చీరలు, తాడు, పెద్ద కత్తెర, రెండు జతల మందం రబ్బరు గ్లౌజులు, సబ్బులు, ఎరుపు పసుపు ఆకుపచ్చ గుడ్డ పీలికలు, ప్లాస్టిక్ కవర్లు, పెన్ను, పుస్తకం. వీటిల్ల సగం మన ఇండ్లల్లనే ఉన్నయి. సంచి వీవో ఆఫీసులో, అందరికీ తెలిసిన మేకుకు వేలాడాలె, బీరువాలో తాళం పెట్టొద్దు.

మూడు, మందు కొట్టే సీజన్ మొదలయ్యే ముందు ప్రతి సంఘం మీటింగులో ఒకసారి చెట్టు కింద ఆట లెక్క దీన్ని చేసి చూడాలె. కొందరు పడిపోయినట్టు నటించాలె, కొందరు వరుస పెట్టాలె. నవ్వులాటగనే ఉంటది. ఫరవాలేదు, నవ్వుకుంట నేర్చుకున్నది యాదికుంటది.

పొదుపు చేసినప్పుడు మనం ఏమనుకున్నం? ఆపద ఎప్పుడొస్తదో తెల్వదు, వచ్చినప్పుడు చెయ్యి చాపకుండ ఉండాలె అని కదా. ఇది కూడా ఒక పొదుపే. ఇది అక్కరకు రాకుండ సంచి అట్లనే మేకుకు వేలాడుతుండాలని నేను మొక్కుకుంటున్న. కానీ అక్కరకు వచ్చిన రోజు, మాట పడిపోయిన ఆమె దగ్గరికి ముందు పోయే మనిషి మన ఊర్లె ఉండాలె.

 జై మహిళా సంఘం.